ప్యాకేజీ వేరు, పైకం వేరు: హైదరాబాద్‌లో ఎవరి చేతికి ఎంత?

పెళ్లిచూపుల్లో చెప్పే జీతం ఒకటి, బ్యాంకులో లోన్ కోసం చూపించే జీతం ఇంకొకటి, అద్దె తగ్గించమని ఇంటి ఓనర్‌ దగ్గర చెప్పుకునే జీతం మరొకటి. మనిషి ఒక్కడే, అంకెలు మూడు. విచిత్రం ఏమిటంటే మూడూ నిజమే కావచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏడాదికి లక్షల్లో మాట్లాడతారు. సర్కారు ఉద్యోగి బేసిక్ చెబుతాడు. క్యాబ్ డ్రైవర్ రోజు కలెక్షన్ చెబుతాడు, డాక్టర్ నెలకు ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) ఇంత అంటాడు, ఇంటి పనికి వచ్చే ఆమె ఇంటికింత అంటుంది. వీటిని పక్కపక్కన పెట్టి ఎవరెక్కువ, ఎవరు తక్కువ అని తేల్చబోతే బియ్యాన్ని లీటర్లలో, పాలను కిలోల్లో కొలిచినట్టే ఉంటుంది.

అందరినీ ఒకే తక్కెడలో వేయాలంటే మూడు ప్రశ్నలు అడగాలి. కోతలు, ఖర్చులు పోను నెలాఖరుకు మిగిలేది ఎంత? దానికి ఎన్ని గంటలు పెట్టారు? ఆ డబ్బు పన్నెండు నెలలూ వస్తుందా? కింది ఉదాహరణల్లో పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా), పన్నుల రేట్లు నిబంధనల్లో ఉన్నవే. జీతాలు, అద్దెలు, కిలోమీటర్లు మాత్రం లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. వాటి స్థానంలో ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెడదాం. నగరంలో అద్దెలు పెరిగేది వాళ్ల జీతాలను చూసే కదా. 12 లక్షల ప్యాకేజీ అనగానే నెలకు లక్ష అనుకుంటారు. ఆఫర్ లెటర్ చివరి పేజీలో ఉండే పట్టికను తిరగేస్తే కథ వేరు. బేసిక్ సగం, అంటే ఏడాదికి 6 లక్షలు అనుకుందాం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్నీ వేతనం కిందే లెక్కించాలి కాబట్టి ఇకపై సగం బేసిక్ అన్నదే మామూలు లెక్క. ఆ బేసిక్ మీద కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్ 72,000. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరుతో 4.81 శాతం, అంటే 28,860. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 12,000 అనుకుందాం. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పది శాతం, అంటే 1,20,000. ఇవన్నీ ప్యాకేజీలో ఉన్నవే గానీ నెలజీతంలో ఉండవు. మిగిలింది 9,67,140, నెలకు 80,595. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 6,000, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోతే ఖాతాలో పడేది 74,395. లక్ష అనుకున్న చోట డెబ్బై నాలుగు వేలు. ఇందులో ఆదాయపు పన్ను ఒక్క రూపాయి కూడా లేదని గమనించండి. కొత్త విధానంలో 2025-26 నుంచి జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను పడదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని మీట ఒకటుంది. పీఎఫ్‌ను పూర్తి బేసిక్ మీద కాకుండా చట్టం చెప్పిన 15,000 పరిమితి మీదే కట్టే వీలు కొన్ని కంపెనీలు చేరేటప్పుడు ఇస్తాయి. అప్పుడు రెండు వైపులా నెలకు 1,800 చొప్పునే పోతుంది. పైన చెప్పిన ప్యాకేజీకే చేతికొచ్చేది 82,795 అవుతుంది. నెలకు 8,400 తేడా. పీఎఫ్‌లో దాచుకోవడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు ఒకదాంట్లో పీఎఫ్ పూర్తి బేసిక్ మీద, ఇంకోదాంట్లో పరిమితి మీద ఉంటే చేతికొచ్చే జీతాలు పోల్చి లాభం లేదు.

గ్రాట్యుటీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పర్మినెంట్ ఉద్యోగి అయిదేళ్లు నిండితే గానీ అది చేతికి రాదు. మూడేళ్లకు ఉద్యోగం మారితే ప్యాకేజీలో చూపించిన 86,580 రూపాయలు ఎప్పటికీ రావు. రెండు మూడేళ్లకోసారి కంపెనీ మారే రంగంలో దాన్ని జీతంలో కలిపి చెప్పడం మర్యాదగా చేసే మోసమే. వేరియబుల్ కూడా అంతే. 1,20,000 అన్నది గరిష్ఠం కాదు, లక్ష్యం. కంపెనీ పనితీరు 80 శాతం, మన రేటింగ్ 90 శాతం అయితే రెంటినీ గుణించి 86,400 ఇస్తారు. జాయినింగ్ బోనస్ తీసుకుని ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారు. ఆ కట్టమనేది పన్ను కోయక ముందు మొత్తాన్ని. మన చేతికొచ్చింది పన్ను పోను మిగిలింది. ఆఫర్ లెటర్‌లో ఈ ఒక్క వాక్యం ఎలా రాశారో చూసి సంతకం పెట్టాలి.

జీతం పెరిగినా మిగలని చోటు కూడా ఒకటుంది. పన్ను విధించదగ్గ ఆదాయం సరిగ్గా 12 లక్షలైతే పన్ను సున్నా. 12,10,000 అయితే మామూలు లెక్కన 61,500 పడాలి. పదివేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలు కట్టించడం అన్యాయం కాబట్టి, పన్నును ఆ అదనపు పదివేలకే పరిమితం చేశారు. దాని మీద 4 శాతం సెస్ వేస్తే 10,400. అంటే పెరిగిన పదివేలూ పోయి, పైన ఇంకో నాలుగొందలు జేబులోంచి పోతాయి. ఈ వింత సుమారు 12.70 లక్షల దాకా నడుస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిపి జీతం లెక్కన చూస్తే 12.75 నుంచి 13.45 లక్షల మధ్య. ఆ గీత మీద ఉన్నవాళ్లు హైక్ బదులు, ఎన్‌పీఎస్ పెన్షన్ ఖాతాలోకి కంపెనీ వాటా వేయమని అడగడం తెలివైన పని. కొత్త విధానంలోనూ దానికి మినహాయింపు ఉంది.

ఇప్పుడు దాని పక్కన కేంద్ర ప్రభుత్వంలో అన్నిటికన్నా కింది మెట్టు, లెవెల్ 1 ఉద్యోగిని, అంటే అటెండర్‌ను నిలబెడదాం. బేసిక్ 18,000 అనగానే జాలిపడతారు. 2025 జూలై నుంచి లెక్కించిన కరువు భత్యం (డీఏ) 58 శాతం, అంటే 10,440. హైదరాబాద్ పెద్ద నగరాల ఎక్స్ కేటగిరీలో ఉంది కాబట్టి ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) 30 శాతం, 5,400. రవాణా భత్యం 1,350, దాని మీద డీఏతో కలిపి 2,133. మొత్తం 35,973. ఎన్‌పీఎస్ కోసం బేసిక్, డీఏల మీద పది శాతం 2,844, వృత్తి పన్ను 200 పోతే 32,929. ప్రభుత్వం తన వంతుగా ఎన్‌పీఎస్‌లో వేసే 14 శాతం ఇందులో లేదు, అది దీనికి అదనం. కంపెనీ వాళ్ల పద్ధతిలోనైతే దాన్నీ కలిపి ప్యాకేజీ అని చెప్పేవాళ్లు.

అదే రోజు క్యాంపస్ నుంచి 3.6 లక్షల ప్యాకేజీతో చేరిన బీటెక్ కుర్రాడికి, వేరియబుల్ ఏమీ లేదనుకున్నా, పీఎఫ్, గ్రాట్యుటీ, వృత్తి పన్ను పోను చేతికొచ్చేది దాదాపు 25,500. అటెండర్ కన్నా ఏడు వేలు తక్కువ. నిజమే, అయిదారేళ్లలో ఆ కుర్రాడు దాటిపోవచ్చు. కానీ ఆ అయిదారేళ్లే గచ్చిబౌలి పక్కన హాస్టల్ ఫీజు కట్టుకుంటూ గడపాల్సిన ఏళ్లు. ఊళ్లో మాత్రం 'మావాడు సాఫ్ట్‌వేర్' అన్న మాటకు ఉన్న గౌరవం అటెండర్ ఉద్యోగానికి లేదు.

గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు లెక్క అన్నిటికన్నా మసకగా ఉంటుంది. అక్కడ చేతులు మూడు: అసోసియేషన్, ఏజెన్సీ, గార్డు. వేతనం 14,000 అనుకుందాం. అందులోంచి పీఎఫ్ 1,680, ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే 105 పోతే గార్డు చేతికి 12,215. ఏజెన్సీ తన వైపు నుంచి పీఎఫ్, దాని అనుబంధ చార్జీలు కలిపి 13 శాతం, 1,820 కట్టాలి. ఈఎస్‌ఐ 3.25 శాతం, 455. ఇక్కడికి 16,275. దీని మీద సర్వీసు చార్జీ 8 శాతం అనుకుంటే 1,302. మొత్తం మీద జీఎస్‌టీ 18 శాతం, దాదాపు 3,164. అసోసియేషన్ చెక్కు 20,741కి రాస్తుంది. ఫ్లాట్ల వాళ్లు 'గార్డుకు ఇరవై వేలు ఇస్తున్నాం' అంటారు. వాళ్ల లెక్క తప్పు కాదు. గార్డు 'నాకు పన్నెండు వేలు' అంటాడు. అతనిదీ తప్పు కాదు.

అసలు మోసం గంటల్లో ఉంది. చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు పని, ఆ పైన ప్రతి గంటకూ రెట్టింపు. గార్డులకు ఎక్కువ చోట్ల 12 గంటల షిఫ్టు. 14,000 అన్నది 26 రోజులు, 8 గంటల వేతనమైతే, మిగతా నాలుగు గంటలకు రెట్టింపు లెక్కన ఇంకో 14,000 రావాలి. రాదు. పన్నెండు గంటలకూ కలిపి ఆ ఒక్క జీతమే ఇస్తే, చేతికొచ్చే 12,215 లెక్కన గంటకు పడేది 39 రూపాయలు. దాని మీద రిలీవర్ (తర్వాతి షిఫ్టు గార్డు) రాలేదని రెండో షిఫ్టు కూడా నిలబెడతారు. యూనిఫాం, బూట్ల డబ్బు మొదటి రెండు నెలల్లో కోస్తారు. కొన్ని ఏజెన్సీలైతే తాము కట్టాల్సిన పీఎఫ్ వాటాను కూడా గార్డు జీతంలోంచే లాగుతాయి. ఇది నేరుగా చట్ట విరుద్ధం. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఏజెన్సీ బిల్లుతో పాటు ఆ నెల పీఎఫ్ చలానా, అందులో గార్డుల యూఏఎన్ (ఒక్కొక్కరికీ పీఎఫ్ కోసం ఇచ్చే) నంబర్లతో ఉన్న జాబితా ఇమ్మని అసోసియేషన్ అడగాలి. గార్డు ఉమాంగ్ యాప్‌లో తన పాస్‌బుక్ తెరిచి చూసుకోవాలి. ఏజెన్సీ మారిన ప్రతిసారీ కొత్త యూఏఎన్ తెరిచేస్తే పాత డబ్బు నాలుగైదు ఖాతాల్లో చిక్కుకుపోతుంది. అందుకే చేరేటప్పుడే పాత నంబరు ఇవ్వాలి.

పాతకాలపు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంగతి మళ్లీ వేరు. అతనిది ఒక్కడి ఉద్యోగం కాదు, కుటుంబం మొత్తానిది. జీతం 10,000 అనుకోండి. పొద్దున్నే పది కార్లు తుడిస్తే కారుకు 500 చొప్పున 5,000. భార్య నాలుగు ఫ్లాట్లలో గిన్నెలు, ఇల్లు తుడవడం చేస్తే 12,000. సెల్లార్‌లో మెట్ల కింద గది ఉచితం, బయట అలాంటిదే 6,000 అనుకుంటే అదీ ఆదాయమే. అన్నీ కలిపితే 33,000, పైన చెప్పిన కేంద్ర ప్రభుత్వ అటెండర్‌కు సమానం. తేడా ఏమిటంటే ఇక్కడ పనిచేసేది ఇద్దరు. డ్యూటీకి వేళాపాళా లేదు, రాత్రి రెండింటికి లిఫ్ట్ ఆగినా, మోటార్ ఆన్ చేయాలన్నా తలుపు తట్టేది వాళ్లదే. పీఎఫ్, ఈఎస్‌ఐ లేవు. కమిటీ మారి, కొత్త సెక్రటరీకి నచ్చకపోతే ఉద్యోగంతో పాటు ఇల్లూ, భార్య పనిచేసే నాలుగు ఇళ్లూ ఒకేసారి పోతాయి.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు గంట లెక్కన గార్డు కన్నా మెరుగ్గా ఉండటం చాలామందికి నమ్మశక్యం కాదు. ఇంటికి 3,500 చొప్పున నాలుగు ఇళ్లు, రోజుకు ఆరు గంటలు, నెలకు 28 రోజులు అనుకుంటే గంటకు 83 రూపాయలు పడుతుంది. దీనికి కారణం బేరం నేరుగా జరగడం, మధ్యలో ఏజెన్సీ లేకపోవడం. పైగా పనికింత అని రేటు విడగొట్టి ఉంటుంది: గిన్నెలకు ఒకటి, ఊడ్చి తుడవడానికి ఒకటి, బట్టలకు ఒకటి, చుట్టాలొస్తే అదనం. కానీ ఆ 14,000 నిలకడైనది కాదు. వేసవి సెలవులకు ఓనర్లు ఊరెళితే ఆ నెల జీతంలో కోత పెట్టే ఇళ్లున్నాయి. రెండు రోజుల కన్నా ఎక్కువ నాగా పెడితే కోత. ఒక ఇల్లు ఖాళీ అయితే ఆదాయంలో పావు వంతు రాత్రికి రాత్రే పోతుంది. దసరాకు చీర, ఒక నెల బోనస్ ఇచ్చే ఇల్లుంటే దాన్ని వదులుకోరు, నెలజీతం కాస్త తక్కువైనా సరే. ఆ లెక్క వాళ్లకు బాగా తెలుసు.

క్యాబ్ డ్రైవర్‌ను ఎంత వస్తుందని అడిగితే రోజు కలెక్షన్ చెబుతాడు. అది ఆదాయం కాదు, గల్లాపెట్టె. రోజుకు కంపెనీ కోత పోను 2,600 వచ్చిందనుకుందాం. అందుకోసం కారు తిరిగింది 180 కిలోమీటర్లు, అందులో ఓ 60 ఖాళీగా. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి సిటీలోకి ఖాళీగా రావడం, పికప్ కోసం రెండు మూడు కిలోమీటర్లు వెళ్లేసరికి కస్టమర్ క్యాన్సిల్ చేయడం, ఇవన్నీ ఆ అరవైలో ఉంటాయి. కిలో సీఎన్‌జీకి 22 కిలోమీటర్లు, కిలో 95 రూపాయలు వేసుకుంటే గ్యాస్ 777. 7 లక్షల లోన్, పదిన్నర శాతం వడ్డీ, అయిదేళ్ల ఈఎంఐ నెలకు 15,000 పైచిలుకు, 26 రోజులకు పంచితే రోజుకు 579. టైర్లు, సర్వీసింగ్, కమర్షియల్ ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ అన్నీ కలిపి కిలోమీటరుకు 2 రూపాయలు వేసినా 360. టీ, భోజనం, పార్కింగ్ 150. ఖర్చు 1,866. మిగిలింది 734. పన్నెండు గంటలకు పంచితే గంటకు 61 రూపాయలు, నెలకు 19,000.

ఈఎంఐ అయిపోతే బాగుపడతాం అనే ఆశతో చాలామంది లాక్కొస్తారు. రోజుకు 180 కిలోమీటర్లంటే ఏడాదికి 56,000. అయిదేళ్లకు 2 లక్షల 80 వేలు. ఈఎంఐ తీరేనాటికి కారు కూడా తీరిపోతుంది. అప్పుడు ఇంజన్ పనా, కొత్త లోనా అన్న ప్రశ్న మొదలు. అందుకని కిలోమీటరుకు కనీసం రెండు రూపాయలు విడిగా ఒక ఖాతాలో వేసుకోని డ్రైవర్, తెలియకుండానే తన కారును ముక్కలు ముక్కలుగా అమ్ముకుంటున్నట్టు. సొంత కారు డ్రైవర్లకూ, జీతానికి నడిపే డ్రైవర్లకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఒక ఇంట్లో 20,000 జీతానికి నడిపేవాడికి టైరు పంక్చరైతే చేతులు నల్లబడతాయి గానీ జేబు ఖాళీ కాదు. బైక్ మీద డెలివరీ చేసేవాళ్లకూ ఇదే లెక్క, అంకెలు చిన్నవి. వాళ్లు అదనంగా చూసుకోవాల్సింది ఇన్సెంటివ్ మెట్టు. ఇరవై ఆర్డర్లకు బోనస్ అని ఉంటే పంతొమ్మిదో ఆర్డర్ దగ్గర లాగిన్ ఆపేసిన రోజు, ఆ ముందు పడ్డ కష్టం సగం ధరకే పోయినట్టు.

ఇక పైమెట్టుకు వద్దాం. కార్పొరేట్ ఆసుపత్రిలో కన్సల్టెంట్ డాక్టర్ మామూలుగా ఉద్యోగి కాడు. అతనికీ ఆసుపత్రికీ ఉన్నది కాంట్రాక్టు. చేరిన మొదటి ఆరు నెలలో, ఏడాదో మినిమమ్ గ్యారంటీ, అదే ఎంజీ ఇస్తారు. ఆ తర్వాత చూసిన ఓపీ, చేసిన ప్రొసీజర్ల మీద వాటా. ఎంజీ నెలకు 3 లక్షలు అనుకుందాం. ఆసుపత్రి 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోసి 2.7 లక్షలు వేస్తుంది. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జీతంతో కూడిన సెలవు లేదు. పది రోజులు పెళ్లికి ఊరెళితే ఆ పది రోజులు ఆదాయం లేదు. రోగులు కేసు వేస్తే ఆదుకునే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ సొంత ఖర్చు.

పన్ను దగ్గరికి వచ్చేసరికి తిరుగుతుంది లెక్క. వృత్తి నిపుణుల ఏడాది రాబడి 50 లక్షల లోపుంటే, అందులో నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా, సగాన్ని మాత్రమే ఆదాయంగా చూపించి పన్ను కట్టే వీలుంది. పుస్తకాలు రాయక్కర్లేదు. 36 లక్షల్లో సగం 18 లక్షల మీద పన్ను, సెస్‌తో కలిపి 1,66,400. టీడీఎస్ రూపంలో ముందే 3,60,000 పోయింది కాబట్టి 1,93,600 రీఫండ్ వస్తుంది. అదే 36 లక్షలు జీతంగా తీసుకునే మేనేజర్ కట్టేది 6,63,000. ఒకే రాబడి మీద దాదాపు అయిదు లక్షల తేడా. కానీ ఈ వాటాల దగ్గర బయటికి కనిపించని చిక్కులున్నాయి. ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్స్ కేసుల్లో ఆసుపత్రికి డబ్బు వచ్చాక గానీ డాక్టర్ వాటా రాకపోవచ్చు. బిల్లులో డిస్కౌంట్ ఇస్తే అది ఎవరి వాటాలోంచి అన్నది కాంట్రాక్టులో స్పష్టంగా లేకపోతే డాక్టర్ వాటాలోంచే పోతుంది. వాటా లెక్క మొత్తం బిల్లు మీదా, మందులు, ఇంప్లాంట్లు తీసేసిన తర్వాతా అన్న ఒక్క మాటతో నెలకు లక్ష అటూ ఇటూ కావచ్చు.

పైగా మొదలయ్యే వయసు చూడాలి. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, పీజీ మూడేళ్లు, సూపర్ స్పెషాలిటీ ఇంకో మూడేళ్లు. మధ్యలో నీట్ కోసం కూర్చున్న ఏళ్లు తీసేసినా ముప్పై దగ్గర పడుతుంది. 22 ఏళ్లకే జీతం మొదలైన సాఫ్ట్‌వేర్ మనిషి అప్పటికి ఇంటి లోన్‌లో సగం కట్టేసి ఉండొచ్చు.

హైకోర్టులో జూనియర్ లాయర్ది దీనికి పూర్తిగా వ్యతిరేక దిశ. పన్ను రాయితీ అదే ఉంది, కానీ పన్ను వేయడానికి ఆదాయమే లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని సూచించింది. సూచనే, ఆదేశం కాదు. ప్రైవేట్ స్కూలు టీచర్‌ను అడగాల్సింది జీతం ఎంతని కాదు, ఎన్ని నెలలు ఇస్తారని. 25,000 పది నెలలే ఇస్తే అది నిజానికి 20,833. వాళ్లకూ గ్రాట్యుటీ హక్కు 1997 ఏప్రిల్ 3 నుంచే ఉందని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది. మానేసేటప్పుడు సర్టిఫికెట్లు తిరిగిస్తే చాలనుకుని వచ్చేసేవాళ్లు దాన్ని వదిలేస్తున్నారు.

చివరగా గంటల్లో ప్రయాణాన్నీ కలపాలి. పైన చెప్పిన 74,395 వచ్చే ఉద్యోగి ఆఫీసులో రోజుకు తొమ్మిదిన్నర గంటలు, నెలకు 22 రోజులు ఉంటే గంటకు 356. ఉప్పల్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లి రావడానికి రోజూ రెండున్నర గంటలు వేస్తే అది 282కి పడిపోతుంది. ఆఫీసు దగ్గర్లో ఇల్లు తీసుకుంటే అద్దె 8,000 ఎక్కువ, కానీ రోజుకు రెండు గంటలు ఆదా, అంటే నెలకు 44 గంటలు. గంటకు 182 పెట్టి సమయం కొనుక్కుంటున్నట్టు. పెట్రోలు ఆదా దీనికి అదనం. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగస్తులై, ఒకరిది ఉప్పల్ వైపు, ఒకరిది గచ్చిబౌలి అయితే ఈ లెక్కను ఇద్దరికీ విడివిడిగా వేసి, ఎవరి గంట ఖరీదైనదో వాళ్ల ఆఫీసు వైపు ఇల్లు చూసుకోవాలి. పిల్లల స్కూలు ఏ వైపుందన్నది ఇందులో కలిపితే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది.